ఏ పేపరండీ?

విజయవాడ వన్‌టౌన్‌లో గానీ, గుంటూరు పట్నం బజారులో గానీ మెడలో కెమెరా వేసుకుని నడిచే మనిషిని ఎవరైనా మొదట అడిగే మాట "ఏ పేపరండీ?" అన్నదే. ఒకప్పుడు ఈ ఒక్క ప్రశ్నే ఉండేది, వార్తా ఛానెళ్లు పెరిగాక "ఏ ఛానెల్ సార్?" అయింది, ఇప్పుడు "యూట్యూబా? రీల్సా?" అంటున్నారు. వేషం మారినా ప్రశ్న మాత్రం మారలేదు: ఈ బొమ్మ ఎవరి కోసం తీస్తున్నావు, తీసి ఏం చేస్తావు, అందులోకి నన్నెందుకు లాగుతున్నావు? "ఏ పేపరూ కాదండీ, ఊరికే తీసుకుంటున్నాను" అని నేను చెప్పే జవాబును చాలామంది నమ్మరు, నమ్మకపోవడం న్యాయమే. తెల్లవారకముందే లారీల్లోంచి సరుకు దిగే ఊళ్లో, ప్రతి గంపకూ ఒక ధర, ప్రతి మోతకూ ఒక కూలి ఉన్న బజారులో, ఏ పనీ లేని మనిషి ఖరీదైన యంత్రం తగిలించుకుని ఊరికే చూడటానికి వచ్చానంటే ఎవరికైనా అనుమానం రావలసిందే. తోపుడు బండివాళ్లయితే ఇంకొక అడుగు ముందుకు వేసి "కార్పొరేషన్ నుంచా?" అని కూడా అడుగుతారు, ఎందుకంటే బండి నిలబెట్టిన చోటుకు సాక్ష్యంగా నిలిచే ఫొటో వాళ్లకు అలంకారం కాదు, రేపటి బేరానికి గండం.

వీధుల్లో తారసపడిన మనుషులను తీసే స్ట్రీట్ ఫొటోగ్రఫీ చేసేవాళ్లు ఈ ప్రశ్నను సాధారణంగా ఒక ఇబ్బందిగానే లెక్కవేస్తారు. చిన్న కెమెరా వాడమని, ముదురు రంగు చొక్కా వేసుకోమని, మనిషిని తీస్తూ ఆయన వెనకాల గోడను తీస్తున్నట్టు కనబడమని, తీశాక కూడా కెమెరాను కాసేపు కంటి దగ్గరే ఉంచుకుని ఎటో చూడమని నేర్పే చిట్కాలకు కొదవ లేదు. ఈ చిట్కాలన్నిటి ఉద్దేశం ఒక్కటే, ఎవరూ ఏమీ అడగకముందే బొమ్మ తీసుకుని వెళ్లిపోవడం. నా వాదన దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. వీధిలో నిలబడి అడిగినవాడికి జవాబు చెప్పుకోవడం ఈ కళకు బయట ఉన్న తలనొప్పి కాదనీ, బొమ్మలో ఏముండాలో నిర్ణయించే విషయాల్లో వెలుతురు ఎంత ముఖ్యమో ఆ జవాబు కూడా అంత ముఖ్యమనీ నేను నమ్ముతున్నాను.

కంటబడకుండా తీయాలన్న ఆదర్శం చిన్నవాళ్లు పెట్టింది కాదు. ఫ్రెంచి ఫొటోగ్రాఫరు హెన్రీ కార్టియర్-బ్రెస్సన్ తన లైకా కెమెరా మెరుపు ఎవరి కంటా పడకుండా దాని లోహపు భాగాల మీద నల్ల టేపు అంటించుకునేవారు. అంత దాపరికంతో లోకాన్ని ఫొటోలు తీసిన మనిషి, తనను ఎవరైనా ఫొటో తీయబోతే మాత్రం ఇష్టపడేవారు కాదు. అమెరికన్ ఫొటోగ్రాఫరు వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 వరకు న్యూయార్క్ భూగర్భ రైళ్లలో కోటు లోపల కెమెరా దాచుకుని, ఎదురు సీట్లలో కూర్చున్నవాళ్ల ముఖాలను వాళ్లకు తెలియకుండా తీశారు. వాటిని పుస్తకంగా తేవడానికి మాత్రం 1966 దాకా ఆగారు. ఆ ముఖాలు ఎంత గొప్పవైనా, తీయడానికీ చూపించడానికీ నడుమ గడిచిన ఆ పాతికేళ్లే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తాయి.

బ్రెస్సన్ 1932లో పారిస్‌లోని ఒక రైల్వే స్టేషను వెనక, కంచె సందులోంచి తీసిన ఫొటో ఈ కళకు మూలవిరాట్టు లాంటిది: నిలిచిన నీటి మీదుగా ఒక మనిషి దూకుతున్నాడు, మడమ ఇంకా నీటిని తాకలేదు, కింద అతని నీడ కూడా దూకుతోంది. ఆ మనిషి ఎవరో లోకానికి తెలియదు, తెలియనవసరం లేదన్నదే ఆ బొమ్మ ధైర్యం. విజయవాడ బీసెంట్ రోడ్డులో వానకు నిలిచిన నీళ్ల మీదుగా ఎవరైనా అలా దూకితే మాత్రం, ఆయన ఏ షాపులో పనిచేస్తారో, ఎవరి బావమరిదో సాయంత్రంలోగా నాకు చెప్పేవాళ్లు అక్కడే ఉంటారు. మన వీధిలో మనిషి గుంపులో కలిసిపోయి పేరు పోగొట్టుకోడు. అంతేకాక మన వీధి తిరిగి చూస్తుంది. కెమెరా పైకెత్తిన క్షణంలోనే ఎదురుగా ఉన్న పిల్లలు వరసగా నిలబడతారు, టీ కొట్టు అతను గ్లాసులోకి టీ మరింత ఎత్తు నుంచి పోస్తాడు, ఒక పెద్దాయన లుంగీ సర్దుకుంటాడు, పక్కనున్న ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. వీటన్నిటినీ బొమ్మ చెడగొట్టిన విషయాలుగా భావించి చెరిపేసే ఫొటోగ్రాఫరు, అక్కడ నిజంగా జరిగినదాన్నే చెరిపేస్తున్నాడు. అతను లేని వీధిని చూపించాలని తాపత్రయపడుతున్నాడు గానీ, అతను ఉన్నాడు కదా.

ఈ సంగతి చర్చకు వచ్చినప్పుడల్లా వేదాంతం చదువుకున్న మిత్రుడొకరు ముండకోపనిషత్తులోని రెండు పక్షులను నా మీదికి వదులుతారు. ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి, ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. ఫొటోగ్రాఫరు ఆ రెండో పక్షి, కేవలం సాక్షి అని ఆయన వాదన. (కాళేశ్వరరావు మార్కెట్లో "నేను సాక్షిని" అని చెప్పి చూడండి, ఏ పేపరో తెలిసిపోయిందని వెంటనే సంతృప్తి పడతారు.) వినడానికి ఈ పోలిక చాలా గౌరవంగా ఉంటుంది, కానీ ఆ రెండో పక్షి మెడలో కెమెరా లేదు. చూసి ఊరుకున్నవాడు సాక్షి కావచ్చు. చూసినదాన్ని నాలుగు అంచుల మధ్య కోసి, ఇంటికి తీసుకెళ్లి, దానికి రంగు సరిచేసి, కింద తన పేరు రాసుకున్నవాడు పండు తిన్నవాడే. ఫలాపేక్ష లేదంటూ భగవద్గీతను అడ్డం పెట్టుకునే ఫొటోగ్రాఫర్లను కూడా నేనెరుగుదును, వాళ్ల బొమ్మకు రావలసిన లైకులు రాని రోజున వాళ్లతో మాట్లాడటం కష్టం.

నా దృష్టిలో వీధిలో తీసిన ప్రతి ఫొటో ఖాతా మీద తెచ్చుకున్న సరుకు. డబ్బు అప్పటికప్పుడు ఇవ్వకపోయినా దొంగతనం కాదు, కాకపోతే పుస్తకంలో పేరు ఎక్కుతుంది, ఎప్పుడో ఒకప్పుడు వెళ్లి తీర్చాలి. నేను తీర్చే పద్ధతి సులువైనదే: మ్యాక్సీ సైజు ప్రింటు వేయించి, తీసిన చోటికే వెళ్లి, ఆ మనిషి చేతిలో పెట్టడం. ఫోనుకు పంపితే సరిపోదా అని కొందరు అడుగుతారు, సరిపోదు. ఫోనులో బొమ్మ వేల బొమ్మల్లో ఒకటై కిందికి జారిపోతుంది. కాగితం మీది బొమ్మను ఆ మనిషి అటూ ఇటూ తిప్పి, పక్క దుకాణం వాళ్లకు చూపించి, నలుగురి ఎదుటా దాని మీద తీర్పు చెబుతారు. ఆ తీర్పులు నేను చదివిన ఫొటోగ్రఫీ విమర్శ కంటే కఠినంగా ఉంటాయి. "కాళ్లు కోసేశారేంటి సార్?" "మొహం నల్లగా పడింది, ఎండలో నిలబెట్టి తియ్యకూడదా?" "నేనెక్కడున్నాను ఇందులో, గోడే ఉంది."

ఈ విమర్శను అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక, కానీ దాని వెనక ఒక సంప్రదాయం ఉంది. విజయవాడలో ఏ కూడలిలో నిలబడినా మనకంటే ఎత్తున ఫొటోలే కనబడతాయి: పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ, పార్టీ పదవి వచ్చినందుకు అభినందనల ఫ్లెక్సీ, పెద్దకర్మకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. వీటన్నిటిలో మనిషి నేరుగా మనకేసి చూస్తాడు, తల తెగదు, ముఖం మీద నీడ పడదు. దానికి ముందు స్టూడియోలో రంగు పరదా ముందు నిలబెట్టి తీసిన పెళ్లి ఫొటోలదీ ఇదే వ్యాకరణం. నీడల్లో సగం ముఖం, అద్దంలో ప్రతిబింబం, బస్సు కిటికీలో ఒక చెయ్యి మాత్రమే కనబడటం మొదలైన మన సొగసులన్నీ వేరే ఊళ్లలో పుట్టి ఇక్కడికి వచ్చినవి. రాజస్థాన్‌లో పుట్టిన ఫొటోగ్రాఫరు రఘుబీర్ సింగ్ భారతదేశపు వీధిని నలుపు తెలుపుల్లో చూడటానికి ఒప్పుకోకుండా జీవితమంతా రంగుల్లోనే తీశారు. పాశ్చాత్యుల ఒంటరితనం, విషాదం మన వీధికి అరువు తెచ్చి తగిలించనక్కరలేదని ఆయన వాదించారు. ఆయన రంగు విషయంలో అన్నదాన్ని నేను చూపు విషయంలో కూడా అంటాను. మనిషి కెమెరాలోకి నేరుగా చూస్తే అది స్ట్రీట్ ఫొటో కాదన్న నియమం మనం పెట్టుకున్నది కాదు, మనం పాటించి తీరాలని కూడా ఎక్కడా లేదు.

వన్‌టౌన్‌లో గోనెసంచుల వ్యాపారం చేసే ఒక పెద్దాయనను ఆయన లెక్కలు రాసుకుంటుండగా తీసి ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. కళ్లజోడు మీదుగా వెలుతురు పడిన ఆ బొమ్మ నాకు బాగా నచ్చింది. ఆయన దాన్ని మర్యాదగా సొరుగులో పెట్టుకుని, "ఇది మీరు తీసుకున్నది, ఇప్పుడు నాకోసం ఒకటి తియ్యండి" అన్నారు. ఎలా కావాలో కూడా ఆయనే చెప్పారు: ఛాతీ దాకా రావాలి, చెవులు రెండూ కనబడాలి, నవ్వు ఉండకూడదు, ఏడుపూ ఉండకూడదు. ఎందుకో అడిగితే, దండ వేసే ఫొటో పిల్లలు చివరి నిమిషంలో ఏ పెళ్లి ఆల్బంలోంచో కత్తిరించి పెద్దది చేయిస్తారని, అది మసకబారి వస్తుందని, తన బావగారికి అలాగే జరిగిందని నిదానంగా వివరించారు. అంత కచ్చితమైన షరతులతో ఎవరూ నాకు పని చెప్పలేదు. పేర్చిన సంచుల వరసను వెనక ఉంచి, పక్క తలుపులోంచి వచ్చే మెత్తటి వెలుతురులోకి ఆయన్ను జరిపి తీసిన ఆ బొమ్మ, చాలా రోజులు సందుల వెంట తిరిగి నేను సంపాదించుకున్న నీడల బొమ్మల కంటే గట్టిదని ఇప్పుడు నా అభిప్రాయం. సృజన అంటే ఎవరి మాటా వినకుండా తోచినట్టు చేసే స్వేచ్ఛ అనుకునేవాళ్లకు ఈ ఉదాహరణ నచ్చదు. చెవులు రెండూ కనబడాలన్న షరతు లేకపోతే ఆ బొమ్మే పుట్టేది కాదని నేనంటాను.

ఇటువంటి షరతుకు చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. 1946లో లైఫ్ పత్రిక తరఫున మార్గరెట్ బర్క్-వైట్ గాంధీజీని రాట్నం దగ్గర ఫొటో తీయడానికి వెళితే, ముందు నూలు వడకడం నేర్చుకోమన్నారు. తొందరలో ఉన్న పత్రికా ఛాయాగ్రాహకురాలు కూర్చుని రాట్నం తిప్పవలసి వచ్చింది. ఆ తర్వాత తీసిన ఫొటోలో రాట్నం ముందుంది, గాంధీజీ దాని వెనకాల ఉన్నారు. నూలు వడికినందువల్లనే ఆమెకు ఆ కూర్పు తోచిందని నేను రుజువు చేయలేను. అయినా ఆ షరతు పెట్టినవాళ్లు ఫొటోగ్రఫీ గురించి చాలామంది ఫొటోగ్రాఫర్ల కంటే ఎక్కువ తెలిసినవాళ్లని మాత్రం అనిపిస్తుంది.

పని వైపు నుంచి చూసినా నా వాదన నిలుస్తుంది. వీధిలో వేగంగా తీయడానికి అందరూ వాడే పద్ధతి ఒకటుంది: 35 మి.మీ. లెన్సును ఎఫ్/8 (లెన్సు రంధ్రం చిన్నగా ఉండే అమరిక) దగ్గర ఉంచి, ఫోకస్‌ను మూడు మీటర్ల దూరానికి బిగిస్తే, సుమారు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా పడుతుంది, ఇక మనిషిని చూసి మీట నొక్కడమే. ఈ లెక్కలో రెండు మీటర్లంటే మాటలు వినబడే దూరం. అంత దగ్గరకు వెళ్లి కూడా మాట్లాడకుండా తిరిగి రావాలనుకోవడం ఈ లెన్సు స్వభావానికే విరుద్ధం. ఇక రెండో పద్ధతి, మంచి వెలుతురు పడిన గోడను చూసుకుని, ఎవరో ఒకరు ఆ వెలుతురులోకి వచ్చేదాకా కాచుక్కూర్చోవడం. ఇంద్రకీలాద్రి పడమటి వైపున ఉండటం వల్ల వన్‌టౌన్‌లో సాయంత్రపు నీడ తొందరగా దిగుతుంది, ఆ దిగే ముందు కొద్దిసేపు ఇరుకు సందుల్లో వెలుతురు కత్తితో కోసినట్టు పడుతుంది, కాచుక్కూర్చునేవాళ్లకు అది పండగ. నేనూ కూర్చుంటాను. కాకపోతే అందులో వచ్చే మనిషి ఎవరైనా ఒకటే, సైకిలు ఉంటే చాలు, గొడుగు ఉంటే మరీ మంచిది. ముందే సిద్ధం చేసుకున్న గీతల మధ్య మనిషి ఒక చుక్క అవుతాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో మెప్పు పొందే మన వీధి ఫొటోల్లో సగం ఈ కోవకే చెందుతాయి, వాటిలో ఊరు విజయవాడో, వెనిసో చెప్పడం కష్టం.

గుంటూరు మిర్చి యార్డులో ఈ రెండు పద్ధతులూ పనిచేయవు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ టిక్కీల (మిర్చి బస్తాల) గుట్టల మధ్య నిలబడితే దగ్గు ఆపుకోవడంతోనే సరిపోతుంది, కళ్ల నీళ్లతో ఎవరి రహస్య క్షణాన్నీ పట్టుకోలేము. పైగా డిజిటల్ కెమెరాకు ఎరుపంటే గొడవ. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురు) కొంచెం ఎక్కువైతే ఎరుపు పొంగిపోయి కాయా తొడిమా తెలియని ముద్ద మిగులుతుంది, కాబట్టి తగ్గించి తీయాలి, తగ్గిస్తే మనుషుల ముఖాలు చీకటైపోతాయి. యార్డు బయట తాలుకాయలు (నాణ్యత లేని మిరపకాయలు) ఏరే చోట, పనిచేస్తున్న ఒకావిడ నేను ఆమె చేతులను తీయడం కాసేపు గమనించి, "చేతుల మంట ఫొటోలో పడుద్దా అబ్బాయ్?" అని అడిగింది. పడదని చెప్పాను. "మరింకేం తీస్తన్నావు?" అని మళ్లీ పనిలోకి వంగింది. ఆమె నన్ను ఎగతాళి చేయలేదు, ఒక యంత్రం పనితీరు గురించి తెలుసుకుందంతే. రూపాన్ని దాటి ఫొటో ఏం చేయగలదన్న విషయం మీద ఎన్నో వ్యాసాలున్నాయి. ఆ ప్రశ్న ఇంత సూటిగా వేసినవాళ్లను నేను వాటిలో చూడలేదు. అప్పటినుంచి ఎవరి శ్రమను తీస్తున్నా ముందు ఆ పని గురించి అడిగి తెలుసుకుంటున్నాను. మంట ఎలాగూ పడదు గానీ, మంట పుట్టినప్పుడు చేతిని ఎలా పట్టుకుంటారో తెలిస్తే అది పడుతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు, ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు, కెమెరా ఉన్న ప్రతివాడికీ ఈ వాదన పరీక్షకు వచ్చింది. పత్రికల వాళ్లు నడుం లోతు నీళ్లలో దిగి తీశారు, వాళ్లు తీయాలి, "ఏ పేపరు?" అంటే వాళ్ల దగ్గర జవాబు ఉంది, ఆ బొమ్మల వల్ల పడవలూ పాలప్యాకెట్లూ కదులుతాయి. నాకు ఆ జవాబు లేదు కాబట్టి మునిగినన్నాళ్లూ తీయలేదు. నీరు తీసిన తర్వాత అక్కడున్న మిత్రుడి ఇంటికి వెళితే, వీధిలో వాళ్లే పిలిచి తీయమన్నారు: గోడ మీద నీరు నిలిచిన గీత, బురద పట్టిన ఫ్రిజ్, ఉబ్బిన మంచం, తడిసి అట్టకట్టిన సర్టిఫికెట్లు. నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లకు చూపించాలి, వాళ్ల ఫోన్లు కొన్ని నీళ్లలోనే పోయాయి. గీత ఎంత ఎత్తున ఉందో తెలియడానికి పక్కన ఒక మనిషి నిలబడాలని ఒక కుర్రవాడు సూచించాడు, ప్రతి ఇంట్లో ఆ ఇంటివాళ్లే గోడ పక్కన నిలబడ్డారు. కళ కోసం ఎవరూ నిలబడలేదు, నేనూ కళ కోసం తీయలేదు. ఆ వరస మొత్తం ఒకచోట పెట్టి చూసిన వాళ్లెవరైనా, అవి నా బొమ్మలన్నిటిలోకీ బాగున్నాయని అంటారు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయను. అడిగి తీస్తే మనిషి మారిపోతాడు, అడగకుండా తీసినదాంట్లోనే నిజం ఉంటుంది అంటారు. నిజమే, కొన్ని బొమ్మలు అడిగితే రావు: బస్టాండులో నిద్రపోతున్న తండ్రి భుజం మీద పాకే పసిబిడ్డను తీయడానికి తండ్రిని లేపి అనుమతి అడగడం హాస్యాస్పదం. నేను ముందే అడగాలని అనడం లేదు; తీసిన తర్వాతైనా అందుబాటులో ఉండాలని, వద్దంటే తీసేయాలని అంటున్నాను. కొంగు అడ్డం పెట్టుకున్నావిడ జవాబు అప్పటికే చెప్పేసింది, దాన్ని "సహజమైన హావభావం" పేరుతో ప్రదర్శనకు పెట్టడం పొగరు. చట్టం ఇంతకంటే ఉదారంగా ఉంటే ఉండవచ్చు. న్యూయార్క్‌లో తన ముఖాన్ని వీధిలో తీసి గ్యాలరీలో అమ్మారని ఒక భక్తుడు మత విశ్వాసం కారణంగా వేసిన దావాను 2006లో అక్కడి కోర్టు కొట్టేసింది. మన సుప్రీంకోర్టు 2017లో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది, అయినా బజారులో ఫొటో తీయడం దానంతటదే నేరం కాదు. కోర్టు ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, మర్నాడు అదే సందులో తలెత్తుకుని టీ తాగగలగాలి కదా, నాకు ఆ కొలతే ముఖ్యం.

తీర్చని ఖాతాలు ఎంత పేరుకుపోతాయో తెలుసుకోవడానికి ఇద్దరిని తలుచుకుంటే చాలు. అమెరికన్ వీధి ఫొటోగ్రాఫరు గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయేనాటికి ఆయన తీసిన సుమారు 2,500 ఫిల్ము రోల్స్ కడగకుండానే ఉన్నాయి. షికాగోలో పిల్లల ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ లక్షకు పైగా నెగటివులను ఎవరికీ చూపకుండా పెట్టెల్లో దాచుకున్నారు. అద్దె కట్టలేదని ఆ పెట్టెలను 2007లో వేలం వేస్తే బయటపడ్డాయి. ఇద్దరి చూపూ గొప్పదే. వాళ్లను వైరాగ్యానికి నమూనాలుగా, చేయడంలోనే తృప్తి పొందిన కర్మయోగులుగా వర్ణించే ధోరణి మాత్రం నాకు రుచించదు. ఆ లక్ష నెగటివుల్లో ఉన్న మనుషుల్లో ఎంతమంది తమ బొమ్మ చూసుకుని "మొహం నల్లగా పడింది" అని గొడవపడే అవకాశం పోగొట్టుకున్నారో కదా అనిపిస్తుంది.

వచ్చే శీతాకాలంలో వన్‌టౌన్‌లో నేను తిరిగే సందులోనే, ఒక పాత గోదాము గోడ మీద కొన్ని బొమ్మలు వేలాడదీయాలని అనుకుంటున్నాను. గోదాము వారు గోడ ఇచ్చారు, మిగిలినవన్నీ షరతులే. ఎవరి బొమ్మా పక్కవాడి బొమ్మ కంటే పెద్దదిగా ఉండకూడదని హమాలీలు ముందే చెప్పారు. దుకాణాల వాళ్లకు తమ షాపు బోర్డు పేరుతో సహా కనబడాలి. పూలమ్మే ఒకావిడ తన బొమ్మ తీసేసి మనవడిది పెట్టమంది, మనవడి బొమ్మ నా దగ్గర లేదు, వెళ్లి తీయాలి. గోనెసంచుల పెద్దాయన తన దండ ఫొటోను ఇప్పుడే గోడకెక్కించడానికి ససేమిరా అన్నారు, లెక్కలు రాస్తున్నదైతే అభ్యంతరం లేదట. అన్నిటికంటే బాగుందని నేను అనుకునే బొమ్మలో బోర్డూ లేదు, మనిషి తలా సగమే ఉంది. దాన్ని పెడితే తమ సందు పరువు పోతుందని అందరూ కలిసి తీర్మానించారు. ఆ ఒక్కదాని మీద ఇంకా బేరం సాగుతోంది.